తేదీ తెలియని పరీక్ష కోసం ఇంకెన్నాళ్లు ఆగాలి?

నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఆ వివరాలు వదిలేసి మిగతాది క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమెకు 29 ఏళ్లు. బీఎస్సీ మ్యాథ్స్ తర్వాత బీఈడీ చేశారు. టీచరు అర్హత పరీక్ష టెట్‌లో మంచి మార్కులు వచ్చాయి. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా పనిచేస్తుండగా 2022 మార్చి 9న అసెంబ్లీలో 80,039 ఉద్యోగాలు భర్తీ చేస్తామన్న ప్రకటన వచ్చింది. ఇలాంటి అవకాశం మళ్లీ రాదని నాన్నను ఒప్పించి, ఉద్యోగం మానేసి, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో చేరారు. గురి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే గ్రూప్-2 పరీక్ష మీద.

ఆ ఏడాది డిసెంబరు చివర్లో 783 పోస్టులతో నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు 29, 30 తేదీల్లో అన్నారు. అదే నెలలో గురుకుల ఉద్యోగాల పరీక్షలు ఉన్నాయని, వాయిదా వేయాలని అభ్యర్థులు నాంపల్లిలో ధర్నా చేస్తే ఈమె కూడా వెళ్లారు. పరీక్ష నవంబరు 2, 3కి మారింది. ఎన్నికలు రావడంతో 2024 జనవరి 6, 7కి వెళ్లింది. ప్రభుత్వం మారాక అదీ ఆగి, ఆగస్టు 7, 8 అన్నారు. ఈలోగా 11,062 పోస్టులతో ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీ వచ్చింది. ఆ పరీక్షలు జులై 18 నుంచి ఆగస్టు 5 వరకు. డీఎస్సీ ముగిసిన రెండో రోజే గ్రూప్-2. రెండు పడవల మీద కాళ్లెందుకని ఈమె డీఎస్సీ పుస్తకాలు పక్కన పెట్టేశారు. డీఎస్సీ మొదలైందో లేదో, గ్రూప్-2 నాలుగోసారి వాయిదా పడింది. ఏమీ చదవకుండా వెళ్లి ఏం రాస్తానని, హాల్‌టికెట్ చేతిలో ఉండి కూడా డీఎస్సీకి వెళ్లలేదు. అక్టోబరు 9న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు ఇచ్చిన రోజు రూమ్మేట్ పెట్టుకున్న వాట్సాప్ స్టేటస్ ఇప్పటికీ కళ్లముందే ఉందట.

గ్రూప్-2 చివరికి డిసెంబరు 15, 16న జరిగింది. ఈమె రాశారు, ఉద్యోగం రాలేదు. "పేపర్-3లో తక్కువ వచ్చాయి" అని ఒక ముక్క రాశారు. 2024 ఆగస్టులో ప్రభుత్వం ఇచ్చిన జాబ్ క్యాలెండర్‌ను ప్రింట్ తీసి గోడకు అంటించుకున్నారు. ఎస్సీ వర్గీకరణ తేలేదాకా కొత్త నోటిఫికేషన్లు ఆగడంతో అందులోని తేదీలూ దాటిపోయాయి.

ఇప్పుడు పాత స్కూలు వాళ్లు నెలకు 18 వేలు ఇస్తాం, రమ్మంటున్నారు. ఇంట్లో ఒక సంబంధం చూశారు. చెల్లెలి పెళ్లి ఈమె కోసం ఆగి ఉంది. "ఇంకా ఏం చేస్తున్నవ్ బిడ్డా?" అని అడుగుతారని బతుకమ్మకు ఊరికి వెళ్లడం మానేశారు. పన్ను నొప్పి ఉంటే పరీక్ష అయ్యాక చూపించుకుందామని ఏడాదిన్నరగా మాత్రలతో నెట్టుకొస్తున్నారు. రాత్రి రెండు దాటినా నిద్ర పట్టదు, పొద్దున లేవాలనిపించదు. "ఏ ప్లాన్ వేసుకున్నా పైనుంచి ఎవరో చెరిపేస్తున్నట్టుంది. ప్లాన్ అంటేనే భయమేస్తోంది. ఇక్కడే ఉండాలా, ఇంటికి పోవాలా?" అని అడిగారు.

*

మీ ఉత్తరంలో మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ తినేస్తున్నది డీఎస్సీ. అందుకే దానితో మొదలుపెడతాను. "ఆ రోజు వెళ్లి ఉంటే ఈపాటికి టీచరునయ్యేదాన్ని" అని మీరు మూడు చోట్ల రాశారు. ఆ వాక్యం నిజమేనా అన్నది ఒకసారి చూద్దాం. 11,062 పోస్టుల్లో స్కూల్ అసిస్టెంట్లవి 2,629. అవి అన్ని సబ్జెక్టులకూ, అన్ని జిల్లాలకూ కలిపి. అందులో లెక్కలు, అందులో మీ జిల్లా, అందులో మీ రిజర్వేషన్ అని విడదీసుకుంటూ పోతే మిగిలేవి కొద్ది పోస్టులే. వాటికోసం నెలల తరబడి డీఎస్సీ ఒక్కటే చదివినవాళ్లు ఉన్నారు. మీరు వెళ్లి రాసి ఉంటే వచ్చేదేమో, రాకపోయేదేమో. మీరు మాత్రం వచ్చేసిన ఉద్యోగాన్ని చేజేతులా పారేసుకున్నట్టు ఏడుస్తున్నారు. ఊహలో ఉన్న ఆ ఉద్యోగానికి కటాఫ్ లేదు, కష్టమైన ప్రశ్న లేదు, పోటీ లేదు. దాన్ని పక్కన పెట్టుకుని చూస్తే మీ అసలు జీవితం ఎప్పుడూ చిన్నగానే కనిపిస్తుంది.

ఇంకో మాట. ఆ జులైలో మీ ముందున్నవి రెండు తేదీలు. రెండూ అధికారికంగా ప్రకటించినవే. వాటిని నమ్మి ఒకదాన్ని ఎంచుకున్నారు. మూడుసార్లు వాయిదా పడ్డ పరీక్ష నాలుగోసారీ పడుతుందని ఎవరికీ ఖాయంగా తెలియదు. తర్వాత తెలిసిన సంగతితో ముందు తీసుకున్న నిర్ణయాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. అలాగని పూర్తిగా ఓదార్చేసి వదిలిపెట్టను. హాల్‌టికెట్ ఉన్న పరీక్షకు చదవలేదన్న కారణంతో వెళ్లకపోవడం మాత్రం ఇంకోసారి చేయకండి. టెట్ మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంది, లెక్కలు మీకు వచ్చినవే. వెళ్లి రాస్తే ఎక్కడున్నారో తెలిసేది. అంతకు మించి ఆ రోజు నుంచి నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, శిక్ష వేసుకోవాల్సిందీ లేదు.

ధర్నా సంగతి కూడా సిగ్గుపడుతూ రాశారు. "2023లో వాయిదా వేయమని అరిచిందీ నేనే, 2024లో వాయిదా పడిందని ఏడ్చిందీ నేనే" అని. అందులో సిగ్గుపడేది ఏముంది? ఆ ఆగస్టులో గురుకుల పరీక్షలూ, గ్రూప్-2 ఒకేసారి రాయలేమన్న మాట సబబైనదే. ఏడాది తర్వాత పరిస్థితి వేరు, మీ చేతిలో మిగిలిన డబ్బు వేరు, ఓపిక వేరు. రెండుసార్లూ మీరు అబద్ధం ఆడలేదు.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట చెప్పాలి. మీ ఉత్తరంలో వాయిదాల గురించి పేజీల కొద్దీ ఉంది. మార్కుల గురించి ఒక్క ముక్క ఉంది. పేపర్-3 అంటే ఎకానమీ, డెవలప్‌మెంట్. నాలుగు పేపర్లలో ఒక్కోటి 150 మార్కులు, మొత్తం 600. ఇంటర్వ్యూ తీసేశారు కాబట్టి ఆ 600లో ఎన్ని వచ్చాయన్నదే లెక్క. మీకు ఎన్ని వచ్చాయి? మీ కేటగిరీలో చివరగా ఎంపికైనవాళ్లకు ఎన్ని వచ్చాయి? ఆ తేడా ఎంత? ఇవేవీ రాయలేదు. మీరు దాచారని అనను. నాలుగుసార్లు తేదీ మారిన ఆ గందరగోళం ఎంత పెద్దదై కూర్చుందంటే, పరీక్ష నిజంగా జరిగింది, మీరు నాలుగు పేపర్లూ రాశారు, ఫలితం వచ్చింది అన్న సంగతే దాని వెనక్కి వెళ్లిపోయింది. ఉద్యోగం రాకపోవడానికి వాయిదాలు కారణమైతే మీరు చేయగలిగింది ఏమీ లేదు. పేపర్-3 కారణమైతే చేయగలిగింది చాలా ఉంది. రెండోది మనసుకు కొంచెం గుచ్చుకుంటుంది. కానీ మీకు మేలు చేసేది అదే.

ఇక్కడే ఇంకో సంగతి గుర్తు చేయనివ్వండి. ఆ గ్రూప్-2కి 5.5 లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. పరీక్ష రోజు హాల్లో కూర్చున్నది అందులో సగం కంటే తక్కువ మంది. మిగతావాళ్లలో వేరే ఉద్యోగాల్లో చేరినవాళ్లు ఉంటారు, విసిగి వదిలేసినవాళ్లు ఉంటారు. మీరు మాత్రం ఆ రెండు రోజులూ వెళ్లి నాలుగు పేపర్లూ రాసి వచ్చారు. నాలుగేళ్లు వృథా అయ్యాయని రాసిన మనిషి ఇది కూడా చేసిన మనిషే అని మరిచిపోకూడదు.

కాబట్టి ఏ నిర్ణయానికైనా ముందు మార్కుల మెమో తీసి, చివరగా ఎంపికైనవాళ్ల మార్కులతో పోల్చి, తేడా రాసుకోండి. ఒక సాయంత్రం పని. ఒంటరిగా చూడలేకపోతే నమ్మకమైన స్నేహితురాలిని పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు ఎంచుకోగల దారులు మూడు నాలుగు ఉన్నాయి గానీ, ఏది ఎంత గట్టిదో ఆ కాగితం చూస్తేనే తెలుస్తుంది.

మొదటిది, ఇప్పుడున్నట్టే అశోక్‌నగర్‌లో ఉండి పూర్తిగా చదవడం. తేడా తక్కువుంటే, అందులోనూ అది ఒక్క పేపర్‌లోనే ఉంటే, దీన్ని కొట్టిపారేయలేం. చిక్కడపల్లి లైబ్రరీ, ఐదు రూపాయల భోజనం, పక్కన చదివే నలుగురు, మోడల్ టెస్టులు, ఇవన్నీ ఊళ్లో దొరకవు. కానీ ఈ దారికి హద్దు మీరే గీసుకోవాలి, ఎందుకంటే బయటినుంచి ఎవరూ గీయరు. సివిల్స్‌కి జనరల్ కేటగిరీలో 32 ఏళ్లు, ఆరు ప్రయత్నాలు. బీసీలకు 35 ఏళ్లు, తొమ్మిది ప్రయత్నాలు. ఇష్టమున్నా లేకపోయినా ఒకరోజు అది ఆగుతుంది. మన తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాలకు గరిష్ఠ వయసు 2022లో 34 నుంచి 44కి, 2024 ఫిబ్రవరిలో 46కి పెంచారు. ఎన్నిసార్లయినా రాయొచ్చు. వయసు దాటిపోతున్నవాళ్లకు అది నిజంగా పెద్ద ఊరట. కానీ 29 ఏళ్లకే అలసిపోయిన మనిషి ముందు ఇంకా ఎన్నో ఏళ్ల తలుపు తెరిచి ఉంటే ఎక్కడ ఆగాలో తెలియదు. "నోటిఫికేషన్ వచ్చేదాకా" అన్నది హద్దు కాదు, అది మన చేతిలో లేని తేదీ. "వచ్చే మే నెలాఖరు దాకా", "ఇంకో 80 వేల రూపాయలు ఖర్చయ్యేదాకా" అన్నవి హద్దులు. అలాంటిది ఒకటి పెట్టుకోలేకపోతే ఈ దారి వద్దు. పెట్టుకున్నా రెండు కష్టాలు మిగులుతాయి. డబ్బు నాన్నదే, ఒంటరితనం మీదే.

రెండోది స్కూల్లో చేరి, చదువు కొనసాగించడం. 18 వేలు పెద్ద మొత్తం కాదని మీరే రాశారు. నిజమే. కానీ ప్రతినెలా నాన్న ముందు చేయి చాచడం ఆగిపోవడం అన్నది ఆ 18 వేల కంటే పెద్దది. పిల్లలకు లెక్కలు చెప్పడం మీకు వచ్చిన పని, పదో తరగతి గది మీకు కొత్త కాదు. నాలుగేళ్లుగా ఏ పనీ పూర్తయిన తృప్తి లేని మనిషికి, ఒక పాఠం మొదలుపెట్టి పూర్తి చేసి, పిల్లలకు అర్థమైందని కళ్లారా చూడటం మందులా పనిచేస్తుంది. నష్టం కూడా చెప్తాను. ప్రైవేటు స్కూలు అంటే ఇంటికి నోట్‌బుక్స్ తెచ్చుకుని దిద్దడం, ఆదివారాలు స్పెషల్ క్లాసులు, పేరెంట్స్ ఫోన్లు. రోజుకు రెండు మూడు గంటలు చదివితే గొప్ప. తాజా నోటిఫికేషన్ వచ్చి, మూడు నెలల్లో పరీక్ష అంటే అప్పుడు సెలవు ఇస్తారా అన్నది చేరకముందే అడగాలి. "పరీక్షకు ముందు రెండు నెలలు జీతం లేని సెలవు కావాలి" అని మొహమాటపడకుండా అడగండి. వాళ్లే పిలిచారు కదా, అడగడానికి మీకు చోటు ఉంది. ఒప్పుకోకపోతే అదీ తెలిసిపోతుంది.

మూడోది, గ్రూప్స్‌ను పక్కన పెట్టి డీఎస్సీ మీదే కూర్చోవడం. మీ టెట్ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. మార్కులు పెంచుకోవాలంటే ఇప్పుడు టెట్ ఏడాదికి రెండుసార్లు పెడుతున్నారు కాబట్టి వెయిటేజీ పెంచుకోవచ్చు. సబ్జెక్టు మీది. డీఎస్సీ కూడా తేదీ తెలియని పరీక్షే, అందులో తేడా లేదు. పోస్టుల్లో 95 శాతం స్థానికులకే కాబట్టి మీ పోటీ, మీ అవకాశం మీ జిల్లా ఖాళీలతోనే ముడిపడి ఉంటాయి. మీ జిల్లాలో లెక్కల పోస్టులు ఎన్ని ఖాళీ అవుతున్నాయో, రిటైర్మెంట్లు ఎప్పుడున్నాయో మీకు తెలిసిన ఉపాధ్యాయ సంఘాల వాళ్లను అడిగితే ఒక అంచనా వస్తుంది. అసలు ప్రశ్న వేరే ఉంది. మీకు గ్రూప్-2లో ఏ ఉద్యోగం కావాలి? నాయబ్ తహసీల్దారు చేసే పని ఇష్టమా, లేక ఊళ్లో ఆ పేరుకున్న విలువ ఇష్టమా? రెండోదైనా తప్పులేదు, ఆడపిల్ల ఆ కుర్చీలో కూర్చుంటే ఊరు చూసే చూపు మారుతుంది, ఆ కోరిక నాకు అర్థమవుతుంది. కానీ ఏదన్నది మీకు తెలియాలి. మీ ఉత్తరం మొత్తంలో మీరు సంతోషంగా రాసిన వాక్యాలు ఎనిమిదో తరగతి పిల్లలకు బీజగణితం చెప్పిన రోజుల గురించే. నా కంటికి అది కనిపించింది, చెప్తున్నాను.

ఇంకొకటి మీరు ఆలోచించినట్టు లేదు, బ్యాంకు పరీక్షలు. ఆ పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ సంస్థ ఏటా ముందుగానే క్యాలెండర్ ఇస్తుంది. చాలావరకు ఆ తేదీల ప్రకారమే నడుస్తుంది. పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్)కి 30 ఏళ్లు, క్లర్కుకి 28 ఏళ్లు గరిష్ఠ వయసు, బీసీలకు మూడేళ్ల సడలింపు. మీరు బీసీ అని రాశారు కాబట్టి క్లర్కుకి తక్కువ సమయమే ఉంది, పీవోకి కొంచెం ఎక్కువ. లెక్కలు, రీజనింగ్ మీకు కష్టం కావు, ఇంగ్లిష్‌కు శ్రమ పడాలి. తేదీల మీద నమ్మకమే పోయిన మనిషికి, చెప్పిన రోజున జరిగే పరీక్ష ఒకటి రాయడం వల్ల వేరే లాభం కూడా ఉంది. అయితే పోస్టింగ్ ఎక్కడో దూరం పడొచ్చు, తర్వాత బదిలీలు ఉంటాయి. ఇంటికి దగ్గరగా ఉండాలన్నది మీకు ముఖ్యమైతే ఇది సరిపడకపోవచ్చు.

నన్ను అడిగితే నా మొగ్గు స్కూల్లో చేరడం వైపే. చదువు అక్కడినుంచే గ్రూప్స్‌కో డీఎస్సీకో కొనసాగించవచ్చు. మార్కుల తేడా చాలా తక్కువని తేలితే మాత్రం, హద్దు పెట్టుకుని ఇంకొన్ని నెలలు అశోక్‌నగర్‌లో ఉండటాన్ని నేను తప్పనను. నిర్ణయం మీది. దాని ఫలితాన్ని మోయాల్సింది కూడా మీరే కాబట్టి మీకు నచ్చినదాన్నే ఎంచుకోండి, నాకు నచ్చిందని కాదు.

మీరు నాన్న గురించి రాసింది చదివాక ఇంకోటి చెప్పాలనిపించింది. మీది వర్షాధారం పొలం అన్నారు, ఆయన పత్తి వేస్తారన్నారు. వాన ఏ రోజు వస్తుందో తెలియకుండానే ఆయన ఏటా పంట వేస్తున్నారు. ఎలా? వానకు తేదీ పెట్టరు, తన నిర్ణయానికి తేదీ పెట్టుకుంటారు. జులైలో ఫలానా రోజుల్లోగా పదును కాకపోతే ఇక పత్తి కాదు, కందో ఆముదమో. అదీ దాటితే ఉలవలు. ఒక్కో పంటకు ఒక గడువు ఆయన మనసులో ఉంటుంది. పత్తి వేయలేకపోయిన ఏడాది ఆయన బాధపడతారు, కానీ చేను ఖాళీగా వదిలేయరు, తప్పు నాదేనని కుమిలిపోరు. మీరు చేసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. గడువు పరీక్ష పెట్టేవాళ్ల చేతిలో పెట్టేశారు. పరీక్ష వాయిదా పడినప్పుడల్లా దాంతోపాటు పన్ను డాక్టరు, బతుకమ్మ, స్నేహితురాలి పెళ్లి, చెల్లెలి పెళ్లి అన్నీ వెనక్కి వెళ్లాయి. పరీక్ష తేదీ మీద మీకు అధికారం లేదు, కానీ పన్ను నొప్పికి పరీక్షతో సంబంధమే లేదు. నాలుగేళ్లు పోయాయన్న బాధలో సగం, నా అంచనాలో, పరీక్ష వల్ల వచ్చింది కాదు. పరీక్ష కోసం ఆపేసుకున్న చిన్నాపెద్ద సంగతులన్నీ ఒక్కసారి గుర్తొచ్చి వస్తున్న బాధ అది.

ఆ నాన్నతోనే కూర్చుని లెక్క మాట్లాడండి. ఇప్పటిదాకా ఎంత ఖర్చయింది, ఇంకా ఎంత అవుతుంది, ఎప్పటిదాకా, అప్పటికీ రాకపోతే ఏం చేస్తారు, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి చూపించండి. "ఇంకొంచెం ఓపిక పట్టు నాన్నా" అన్న మాటకు ఆయన దగ్గర జవాబు ఉండదు, మౌనంగా తల ఊపుతారు. ఆ మౌనాన్ని మీరు కోపమనుకుని ఇంకా కుంగిపోతారు. గడువు ఉన్న మాటైతే ఆయనకు బాగా అర్థమవుతుంది. ఒప్పుకోకపోతే ఎక్కడ ఒప్పుకోవడం లేదో అయినా తెలుస్తుంది.

పెళ్లి సంగతి. "పరీక్ష పోయింది కాబట్టి పెళ్లయినా చేసుకుందామా" అని రాశారు. ఆ "అయినా" అన్నది నన్ను కలవరపెట్టింది. అబ్బాయి మంచివాడు, మాట్లాడితే నచ్చాడు అనుకుంటే ముందుకు వెళ్లండి, పరీక్ష అడ్డు కాదు. పెళ్లయ్యాక చదివి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. అలసిపోయి, దాక్కోవడానికి ఒక చోటు దొరుకుతుందని వెళ్తే మాత్రం ఆ అలసట మీతోపాటే ఆ ఇంటికీ వస్తుంది. అబ్బాయి "పెళ్లయ్యాక కూడా చదువుకోవచ్చు" అన్నాడని రాశారు కదా. అయితే కొంచెం వివరంగా అడగండి. ఎక్కడ ఉండి చదువుతాను, కోచింగ్‌కో టెస్ట్ సిరీస్‌కో డబ్బు ఎవరు పెడతారు, పిల్లల విషయం ఎప్పుడు, వంట, అత్తమామల పనులు ఎలా పంచుకుంటాం. ఇవి అడిగితే సంబంధం తప్పిపోతుందని అమ్మ భయపడతారు. ఇవి అడిగినందుకే తప్పిపోయే సంబంధమైతే పెళ్లయ్యాక చదువు ఎలా సాగుతుందో మీరే ఊహించుకోవచ్చు.

చెల్లెలి విషయంలో మీకున్న అపరాధభావం నాకు అర్థమవుతుంది. పెద్దమ్మాయి ఉండగా చిన్నమ్మాయికి చేస్తే ఊళ్లో మాటలు వస్తాయి, "పెద్దదానికేమైంది?" అంటారు. ఆ మాటలు మీ సంబంధాలకు కొంత ఇబ్బంది కలిగించవచ్చు కూడా, అది దాచను. కానీ చెల్లెలికి మనసుకు నచ్చిన సంబంధం ఉంటే, మీ పరీక్ష తేదీకి ఆమె జీవితం కూడా ముడిపడటం ఇద్దరికీ భారమే. మీరే చొరవ తీసుకుని ఇంట్లో "ముందు చెల్లెలికి చేయండి, నాకు అభ్యంతరం లేదు" అంటే పెద్దవాళ్లకు సగం బరువు దిగుతుంది. ఆ మాట మీ నోటినుంచే రావాలి. వాళ్లంతట వాళ్లు అనలేరు.

నిద్ర గురించి. రాత్రి రెండు దాటినా నిద్ర రాకపోవడం, పొద్దున లేవాలనిపించకపోవడం, ఎవరినీ కలవాలనిపించకపోవడం, ఇవి బద్ధకం కాదు. నెలల తరబడి ఉంటే డాక్టరుకు చూపించాల్సినవి. టెన్షన్ అనుకుని వదిలేయకండి. 14416 అన్న నంబరుకు ఫోన్ చేస్తే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సర్వీసు టెలీ మానస్‌లో కౌన్సెలర్‌తో తెలుగులోనే మాట్లాడొచ్చు, రోజంతా పనిచేస్తుంది, డబ్బు ఖర్చు లేదు. బతకడం ఎందుకన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం రేపటిదాకా ఆగకుండా ఆ క్షణమే ఫోన్ చేయండి, పక్క గదిలో ఉన్న అమ్మాయిని లేపండి. హాస్టల్లో మీరొక్కరే అలా ఉన్నారనుకుంటున్నారు. ఆ వీధుల్లో మీలాగే పైకప్పు చూస్తూ పడుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరూ పక్కవాళ్లతో అనరు, అంతే.

ఊరికి వెళ్తే "ఇంకా ఏం చేస్తున్నవ్ బిడ్డా?" అని అడుగుతారన్నారు. అడుగుతారు. అందరూ ఎత్తిపొడవడానికే అడగరు, చాలామందికి మాట కలపడానికి వేరే ప్రశ్న తెలియదు. "గ్రూప్-2 రాసిన, రాలే. మళ్ల చదువుతున్న" అని మూడు ముక్కల్లో చెప్పేస్తే ఆ సంభాషణ అక్కడితో అయిపోతుంది. మొదటి ఇద్దరు ముగ్గురికి చెప్పేటప్పుడే కష్టం.

స్కూలు వాళ్లు ఈ నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పమన్నారని రాశారు. అంటే సమయం ఉంది. ముందు పన్ను డాక్టరు దగ్గరకు వెళ్లండి, ఎందుకంటే నొప్పి పెట్టుకుని తీసుకునే నిర్ణయాలు సరిగ్గా రావు. తర్వాత మెమో చూసి తేడా రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని శనివారం ఊరి బస్సెక్కండి, నాన్నతో మాట్లాడండి, చెల్లెలితో విడిగా మాట్లాడండి. స్కూలు వాళ్లకు సెలవు సంగతి ఫోన్లో కాకుండా వెళ్లి అడగండి. ఆ గోడమీది జాబ్ క్యాలెండర్ తీసేసి, ఆ చోట మీ గడువు రాసిన కాగితం పెట్టుకోవచ్చు. తేడా ఎంత వచ్చిందో, నాన్న ఏమన్నారో నాకు మళ్లీ రాయండి. పేపర్-3కి ఎలా చదవాలన్నది అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.